ఆమెకు డెబ్బై ఏళ్లు నిండలేదట!

కర్నూలు పాత పట్టణంలో మేము ఎరిగిన ఒక ఇంట తల్లికీ, పెద్ద కొడుకుకూ మధ్య వయస్సు తేడా తొమ్మిది సంవత్సరాలు. ప్రభుత్వ పత్రాలు చెబుతున్న మాట ఇది. కొడుకు పదో తరగతి ధ్రువపత్రంలో పుట్టిన సంవత్సరం 1967. తల్లి ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 1958 జనవరి 1. ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసిన అధికారి ఇంతవరకు ఎవరూ లేరు. చూడవలసిన అవసరం వారికి కలుగలేదు. ఆ అవసరం 2025 వేసవిలో ఆ తల్లికి కలిగింది.

తెల్లవారుజామున వజూ కోసం లేచి, తడి గచ్చు మీద జారి పడిందామె. తుంటి ఎముక విరిగింది. పేటలో అందరూ ఆమెను ఖాలా అని పిలుస్తారు. మేమూ అలాగే పిలుస్తాము. ఇంటివారు హుటాహుటిన ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. 70 ఏళ్లు దాటిన వారికి కేంద్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయల వరకు వైద్యం ఇస్తున్నదని విని ఉన్న మనవడు అక్కడి ఆరోగ్యమిత్రను అడిగాడు. ఆ అమ్మాయి ఆధార్ నంబరు కొట్టి చూసి, "మీ నానమ్మగారికి 67 ఏళ్లేనండి, ఇంకా మూడేళ్లు ఆగాలి" అన్నది. ఆ అమ్మాయిని మేము తప్పు పట్టము. తెర మీద ఉన్నది చదివింది. కాని విరిగిన ఎముక మూడేళ్లు ఆగదు గదా! శస్త్రచికిత్సకు, గదికి, మందులకు కలిపి 1,80,000 రూపాయలు అయ్యాయి. మనవరాలి నికాహ్ కోసం దాచిన బంగారం తాకట్టుకు వెళ్లింది.

ఖాలాకు నిజంగా ఎన్నేళ్లు? ఆమెను అడిగితే సంవత్సరం చెప్పలేదు గాని, తనకు తెలిసిన గుర్తు చెబుతుంది. "రాజధాని వచ్చి మన ఊళ్లో డేరాలు వేసినప్పుడు, తమ్ముణ్ణి చంకన వేసుకుని చూడబోయినాను బేటా" అంటుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు, కచేరీలకు భవనాలు చాలక డేరాలు వేసిన సంగతి ఊరి పెద్దలందరికీ తెలిసినదే. తమ్ముణ్ణి చంకన ఎత్తుకుని నడవగల పిల్లకు అప్పటికి ఆరేడేళ్లు ఉండవా? ఆ లెక్కన ఆమె వయస్సు 78కి అటూ ఇటూగా ఉండాలి. ఆమె పాత ఓటరు గుర్తింపు కార్డు మీద 1995 జనవరి 1 నాటికి 45 ఏళ్లని ఉన్నది. ఆ లెక్కన 75. ఆధార్ లెక్కన 67. ఒకే మనిషికి ప్రభుత్వం వద్ద రెండు వయస్సులు ఉన్నాయి. ఆమె జ్ఞాపకంలో మూడవది ఉన్నది. మూడింటిలో రెండు ఆమెకు కార్డు ఇవ్వాలంటాయి. లెక్కలోనికి వచ్చినది మూడవది మాత్రమే.

ఆ 1958 ఎక్కడినుంచి వచ్చింది? 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాత పట్టణాన్ని ముంచెత్తినప్పుడు, ఆ ఇంటి ఇనుప పెట్టె మూడు రోజులు నీళ్లలో ఉన్నది. అందులోని నికాహ్‌నామా, పాత రేషను కార్డు, ఇంటి కాగితాలు ముద్దయిపోయాయి. ఓటరు కార్డు ఒక్కటీ ఎవరి సంచిలోనో ఉండి బతికింది. తరువాత రెండు మూడేళ్లకు ఆధార్ నమోదు వచ్చింది. బడిలో బల్ల వేసుకుని కూర్చున్న కుర్రవాడు ఆమెను "ఎన్నేళ్లమ్మా?" అని అడిగాడు. "నువ్వే రాసుకో నాయనా" అన్నదామె. అతడు ముఖం చూసి, ఒక సంవత్సరం వేసి, దానికి జనవరి 1 తగిలించాడు. మన పేటల్లో పెద్దవారి కార్డులు తీసి చూడండి. సగం మంది జనవరి 1ననే పుట్టి ఉంటారు.

ఆ కుర్రవాణ్ణి నిందించే అర్హత మాకు లేదు. మేము రెవెన్యూ కచేరీలో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగిరీ చేశాము. కుటుంబ కార్డుల సర్వేలకు వెళ్లినప్పుడు మేమూ ఇలాగే వయస్సులు వేశాము. తల నెరిస్తే 60, నెరవకపోతే 45. తడిక వెనుకనుంచి జవాబు చెప్పే బీబీల ముఖం కూడ చూడకుండా, కొడుకు వయస్సుకు ఇరవై కలిపి వ్రాశాము. కలపడమైనా జరిగింది గనుక తల్లీ కొడుకుల మధ్య తొమ్మిదేళ్ల తేడా రాలేదనుకుంటాము. అప్పట్లో ఆ అంకె మీద ఏదీ ఆధారపడి లేదు. కిరోసినూ, బియ్యమూ తల లెక్కన వచ్చేవి, ఏళ్ల లెక్కన రాలేదు. అంచనాతో వ్రాసిన అంకెను ఆ తరువాత చట్టమంత పవిత్రం చేసి కూర్చోబెట్టడమే నేటి అన్యాయం.

2025లో 70 నిండినవారు 1955లో పుట్టినవారు. మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం వచ్చినది 1969లో. అంటే ఈ పథకానికి అర్హులైన ప్రతి ఒక్కరూ, హిందువైనా ముస్లిమైనా క్రైస్తవుడైనా, ఆ చట్టం రాకముందు పుట్టినవారే. వారిలో బడికి వెళ్లినవారికి బడి రికార్డు ఉంటుంది. బడికి వెళ్లనివారికి, ముఖ్యంగా పల్లెల్లోనూ పేటల్లోనూ పుట్టిన ఆడవారికి, ఏ రికార్డూ ఉండదు. మన సముదాయంలో ఆ తరం స్త్రీలు ఎంతమంది బడి మెట్లు ఎక్కారో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఎవరింట్లోని నానీని, దాదీని వారు తలచుకుంటే చాలు.

ఇక అసలు విచిత్రం వినండి. ఆధార్ మనిషి గుర్తింపునకే గాని, దానంతట అది పుట్టిన తేదీకి రుజువు కాదని 2023 డిసెంబరులో ఆధార్ సంస్థే సర్క్యులర్ ఇచ్చింది. దానిని పట్టుకుని 2024 జనవరిలో భవిష్యనిధి సంస్థ పుట్టిన తేదీకి అంగీకరించే పత్రాల జాబితానుంచి ఆధార్‌ను తీసివేసింది. 2024 అక్టోబరు 24న సుప్రీం కోర్టు ఒక రోడ్డు ప్రమాద పరిహారపు కేసులో, వయస్సు నిర్ణయానికి ఆధార్ చాలదని, బడి ధ్రువపత్రాన్ని చూడాలని తీర్పు చెప్పింది. సరిగ్గా ఐదు రోజులకు, అక్టోబరు 29న, 70 ఏళ్లు దాటిన వృద్ధులందరికీ ఆరోగ్య పథకాన్ని ప్రధానమంత్రి ప్రారంభించారు. అందులో వయస్సుకు అంగీకరించే పత్రం ఏది? ఆధార్. అది ఒక్కటే. వృద్ధుడు తన ఆధార్‌ను చూపి భవిష్యనిధి కార్యాలయంలో వయస్సు నిరూపించుకోలేడు. అదే ఆధార్‌ను కాదని ఆసుపత్రిలో వయస్సు నిరూపించుకోనూలేడు. ఒక గుమాస్తా తన ఫైలులో ఇటువంటి రెండు నోట్లు వ్రాస్తే పై అధికారి మెమో ఇచ్చేవాడు.

పథకం చెడ్డదని మేము అనడం లేదు. మంచిది గనుకనే ఇంత బాధ. 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ వచ్చినప్పుడు 2011 సామాజిక ఆర్థిక సర్వేలో పేదలుగా లెక్కించినవారికే దక్కింది. 70 దాటినవారి విషయంలో ఆ గిరి చెరిపివేశారు. ఆదాయం అడగరు, రేషను కార్డు అడగరు, ఇంటికి ఎన్ని గదులో అడగరు. ముందునుంచి ఉన్న జబ్బులకు కూడ మొదటి రోజునుంచే వైద్యం అందుతుంది. వృద్ధుడు ఒక్క రూపాయి కట్టనక్కరలేదు; ఖర్చును కేంద్రమూ, రాష్ట్రాలూ మన వంటి రాష్ట్రాల్లో 60:40 లెక్కన భరిస్తాయి. చెన్నైలో కొడుకు వద్ద ఉన్నప్పుడు జబ్బు చేసినా అక్కడి గుర్తింపు పొందిన ఆసుపత్రిలో పనికివస్తుంది. ఈ కార్డు పేరు వయ వందన. మనవారు దీనిని కూడ ఆరోగ్యశ్రీ అనే అంటున్నారు, అందువల్ల కొంత తికమక కలుగుతున్నది.

ఆరోగ్యశ్రీ వేరు. అది 2007లో మన రాష్ట్ర ప్రభుత్వం తెచ్చినది, దానికి వయస్సుతో పని లేదు. ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు ఇప్పుడు ఎన్‌టీఆర్ వైద్య సేవ. పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచారు. అదే నెలలో తెలంగాణలో 10 లక్షలు చేశారు. అది ఉండగా ఇది ఎందుకని అడిగేవారు ఖాలా ఇంటి మీటరు చూడాలి. నలుగురు అన్నదమ్ములు ఒకే పాత ఇంట్లో నాలుగు పొయ్యిలు పెట్టుకుని బతుకుతున్నారు. కరెంటు మీటరు ఒక్కటే. బిల్లు నెలకు 300 యూనిట్లు దాటిందని వారి బియ్యం కార్డు పోయింది. బియ్యం కార్డు పోయింది గనుక వైద్యమూ పోయిందని ఇంటివారు అనుకున్నారు. ఆదాయాన్ని బట్టి ఆరోగ్యశ్రీకి వేరుగా అడగవచ్చునని వారికి చెప్పినవారు లేరు, వారు సచివాలయానికి వెళ్లి అడిగినదీ లేదు. పాత పట్టణాల్లో ఉమ్మడి కాపురాలు ఎక్కువ. చేతిలో డబ్బు లేకనే కలిసి ఉంటారు, కలిసి ఉన్నందుకు ధనికులుగా లెక్కకు వస్తారు. అటువంటి ఇంటి పెద్దలకు, ఆదాయం అడగని ఈ కార్డు నిజంగా పనికివచ్చేది. పైగా బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపివేసిన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ చూశాము. ఒక తలుపు మూసినప్పుడు తట్టడానికి మరొకటి ఉండడం మంచిదే గదా.

పథకంలో లోపాలూ ఉన్నాయి. 5 లక్షలు మనిషికి కాదు, ఇంటికి. భార్యాభర్తలిద్దరూ 70 దాటితే ఆ మొత్తాన్ని పంచుకోవాలి. ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది. నెల నెలా కొనే షుగరు మాత్రకు, బీపీ మాత్రకు, డాక్టరు ఫీజుకు ఇది చెల్లదు. మన ఇళ్లలో ముసలివారి ఖర్చులో ఎక్కువ భాగం అక్కడే పోతున్నదని చిల్లర మందుల దుకాణం వానిని అడిగినా చెబుతాడు. ఇక 70 అనే గీత ఎందుకో మాకు అర్థం కాదు. తల్లిదండ్రుల, వృద్ధుల సంరక్షణకు ఇదే కేంద్రం 2007లో చేసిన చట్టం 60 దాటినవారిని వృద్ధులన్నది. హమాలీ పని చేసినవాడు, రిక్షా తొక్కినవాడు, పొద్దంతా బీడీలు చుట్టిన ఆడమనిషి 60కే ఒంగిపోతారు. 2025 మార్చిలో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ గీతను 60కి దించాలని, పరిమితిని 10 లక్షలు చేయాలని సిఫారసు చేసింది. సిఫారసు సిఫారసుగానే ఉన్నది.

ఇప్పుడు మన ఇంటి మాట. ఖాలా కొడుకును, ఆధార్‌లో తేదీ సరి చేయించుకోరాదా అని అడిగాము. అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "భయ్యా, కాగితాలు కదపకపోతేనే మేలేమో" అన్నాడు. అతని భయం ఊరికే పుట్టినది కాదు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మన పేటల జనం మునిసిపల్ కచేరీల ముందు జనన పత్రాల కోసం బారులు తీరడం మేము కళ్లారా చూశాము. 2025లో బీహారులో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ పేరిట మళ్లీ కాగితాల మాటే విన్నాము. ఓటరు కార్డులో ఒకటి, ఆధార్‌లో మరొకటి, మార్చిన తరువాత మూడవది ఉంటే, రేపు ఎవరైనా వేలెత్తి చూపుతారేమోనన్న బెరుకు అది. తప్పు తేదీ వ్రాసినవాడు నిశ్చింతగా ఉన్నాడు; అది వ్రాయించుకున్న తల్లి బిడ్డలు దిద్దుకోవడానికి భయపడుతున్నారు. ముస్లిముల ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ భయాన్ని కూడ ఒక జబ్బుగా లెక్కించవలసినదే.

కాని భయపడి కూర్చుంటే తేదీ మారదు, ఎముకా అతకదు. మరి కొందరు, ఈ ప్రభుత్వం ఇచ్చేది మనకెందుకు అంటున్నారు. ముప్పై ఏళ్లు బిల్లులు వ్రాసినవాళ్లం, ట్రెజరీ సొమ్ముకు పార్టీ జెండా ఉండదని మాకు బాగా తెలుసు. అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నాము. మన సొమ్మును మనం అడగడంలో చిన్నతనమేమున్నది? ఇంకొందరు ధర్మనిష్ఠతో, బీమా అంటేనే వడ్డీ, జూదం కలిసినది గదా అని వెనుకాడుతున్నారు. ఫత్వా చెప్పే విద్వత్తు మాకు లేదు. అయితే వృద్ధుడు ఇక్కడ ప్రీమియం కట్టడు, పందెం కాయడు; ఖజానా అతని వైద్యపు ఖర్చు భరిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే సూదిమందుకు లేని అభ్యంతరం దీనికి ఎందుకు రావాలో తమ మస్జిదు ఇమాము సాహెబును అడిగి తెలుసుకోవలసిందిగా వారిని కోరుతున్నాము. అడగకుండానే మానుకోవద్దని మా మనవి.

ఆధార్‌లో వయస్సు సరిగా 70 దాటి ఉన్నవారికి పని సులువు. ఆయుష్మాన్ యాప్‌లో ఇంట్లో పిల్లలే నమోదు చేయవచ్చు. వేలిముద్ర పడకపోతే ఓటీపీతోనో, ముఖం చూపియో చేయవచ్చు. చిక్కు వచ్చేది ఓటీపీ దగ్గర; ఆధార్‌కు కలిపిన నంబరు చాలా ఇళ్లలో ఏనాడో కువైట్‌కు పోయిన కొడుకుది. ముందు ఆ నంబరు మార్పించాలి. ముఖం చూపవలసి వచ్చినప్పుడు మన పెద్ద ఆడవారు సంకోచిస్తారు గనుక, ఆ పని చదువుకున్న ఆడపిల్లలు ఇల్లిల్లూ తిరిగి చేయాలి. మా పేటలో ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు రెండు ఆదివారాల్లో ముప్పై ఒక్క మందికి చేశారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులుగా విశ్రాంతి తీసుకుని ఆ ఆరోగ్య పథకంలో ఉన్నవారు రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. కార్మిక రాజ్య బీమా, ప్రైవేటు బీమా ఉన్నవారు దీనిని కూడ పొందవచ్చు. చేరేముందు ఆ ఆసుపత్రి జాబితాలో ఉన్నదో లేదో ఆరోగ్యమిత్రను అడగండి. 14555కు ఫోను చేసి కూడ తెలుసుకోవచ్చు.

వయస్సు తప్పుగా ఉన్నవారు మాత్రం తొందరపడవద్దు. పుట్టిన తేదీ మార్పునకు ఆధార్ సంస్థ ఒక్కసారే అవకాశం ఇస్తుంది. ఇంటర్నెట్ దుకాణం వాడు 500 తీసుకుని ఏదో ఒక కాగితం ఎక్కించి ఆ ఒక్క అవకాశాన్నీ పాడు చేసిన ఉదంతాలు మాకు తెలుసు. హజ్‌కో, ఉమ్రాకో వెళ్లివచ్చిన పెద్దల పాస్‌పోర్టు ఇంకా చెల్లుబాటులో ఉండి, అందులో తేదీ సరిగా ఉంటే అది మంచి ఆధారం. దానిలో షేక్ అని, ఆధార్‌లో షేఖ్ అని, మరొకచోట ఎస్.కె. అని ఉంటే ముందు పేరు సరి చూసుకోండి.

ఏ పత్రమూ లేని ఖాలా వంటి వారి సంగతి? జనన పత్రం తెమ్మంటారు. ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయించాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, దానికి సాక్ష్యం కావాలి. ఖాలా పుట్టుకను చూసినవారంతా ఖబరస్తాన్‌లో ఉన్నారు. అక్కడికి సమన్లు వెళ్లవు.

అందుచేత మేము అడుగుతున్నది చాలా చిన్నది. 1969కి ముందు పుట్టినవారి విషయంలో, ప్రభుత్వం తన దగ్గర ఉన్న కాగితాలనే నమ్మాలి. 1990లలో ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు ప్రభుత్వం ఇచ్చినదే. పెద్ద బిడ్డ పదో తరగతి ధ్రువపత్రమూ ప్రభుత్వం ఇచ్చినదే. దానిని బట్టి తల్లి వయస్సు తేల్చడానికి కూడికలు వస్తే చాలు. ఇవి చాలకపోతే ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు ఎముకలూ, పళ్లూ పరీక్షించి వయస్సు ధ్రువీకరించవచ్చు. కోర్టులు అటువంటి పరీక్షను అంగీకరిస్తున్నవే. వార్డు సచివాలయ సిబ్బంది ఇంటికి వచ్చి విచారించి, పై అధికారికి నివేదిక పంపవచ్చు. మేము పనిచేసిన రోజుల్లో ఇంతకంటె పెద్ద విషయాలను పంచనామాతో తేల్చాము. ఈ మేరకు ఉత్తర్వు ఇవ్వాలని ఆరోగ్య మంత్రిత్వ శాఖకూ, ఆధార్ సంస్థకూ వినతిపత్రం తయారు చేశాము. మస్జిదు కమిటీలు, మహిళా సంఘాలు ప్రతి ఊరి నుంచీ ఇటువంటి తల్లుల జాబితాలు తయారు చేసి, పత్రాల నకళ్లు జతచేసి తమ ఎం.పి.లకు అందజేయాలి. మన పేటల్లోనే గాక, పక్క బోయ పేటలోనూ, మాదిగ పేటలోనూ ఇదే కథ ఉన్నది. వారిని కలుపుకొని వెళ్తే మన వినతికి బలం పెరుగుతుంది.

మేము ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఉన్నవారము. మాకు ఆ ఇబ్బంది లేదు. మా సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ మొదటి పుటలోనే ఉన్నది, దానిని ఎవరూ ప్రశ్నించలేదు. అదే పేటలో, అదే గచ్చు మీద నడిచిన ఖాలాకు ఆ పుట లేదు.

ఆమె తేదీ సవరణ దరఖాస్తు రెండుసార్లు తిరిగివచ్చింది. ఓటరు కార్డు పుట్టిన తేదీకి చెల్లదని మొదటిసారి, జతపరచిన పత్రం జాబితాలో లేదని రెండవసారి వ్రాశారు. పోయిన శుక్రవారం జుమా తరువాత చూడబోతే, వాకరు పట్టుకుని వాకిలిదాకా వచ్చింది. "నాకు 70 నిండినాయా బేటా?" అని నవ్వుతూ అడిగింది. మూడవ దరఖాస్తుకు కొడుకు ధ్రువపత్రం నకలు తీసుకుని వచ్చాము.